ఆరోగ్యవంతుల వరస

జబ్బుపడ్డ మనిషి ఏదడిగినా ఇస్తుంది. రక్తమంటే రక్తం, మూత్రమంటే మూత్రం, ఏ చెయ్యి చాపమంటే ఆ చెయ్యి. ఒంట్లో ఏ నలతా లేని మనిషిని పట్టుకుని, తల్లీ, వారం వారం నీ మలం కాస్త ఈ డబ్బాలో పెట్టి ఇవ్వమ్మా, శాస్త్రం బాగుపడుతుంది అని అడిగి చూడండి. మొహమ్మీదే తలుపేస్తుంది. ఆవిడ తప్పేమీ లేదు. శాస్త్రం బాగుపడటానికి అంతకంటే మర్యాదైన దారులు ఉండాలి కదా!

ఆ మర్యాదైన దారులేవీ పెద్దసారుకి దొరకలేదు. ప్రసూతి ఆసుపత్రి పైఅంతస్తులో ఆయనకొక ప్రయోగశాల ఉంది. అక్కడ జరిగే పనంతా ఒకే జబ్బు గురించి. కొందరు గర్భిణులకు ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఉన్నట్టుండి బీపీ పెరిగిపోతుంది. కాళ్ళు, మొహం వాస్తాయి. తల పగిలిపోతుంది. కళ్ళ ముందు మెరుపులొస్తాయి. ముదిరితే ఫిట్సే, తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొస్తుంది. వెనకటివాళ్ళు దాన్ని గుర్రపువాతం అన్నారు. పేరు మారింది గానీ, అది ఎందుకొస్తుందో మాత్రం ఇప్పటికీ ఎవరూ గుండెమీద చెయ్యేసుకుని చెప్పలేరు.

పెద్దసారు మటుకు చెప్పగలరు. దాని మూలం పేగుల్లో ఉందంటారాయన. మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. వాటిలో మంచివి తగ్గి పోకిరీవి పెరిగితే, ఆ సంగతి బీపీ యంత్రం కంటే నెలల ముందే పేగులకు తెలిసిపోతుందని ఆయన వాదం. వాదం బాగానే ఉంది. సాక్ష్యానికి రెండు రకాల గర్భిణులు కావాలి, బీపీ వచ్చినవాళ్ళు, రానివాళ్ళు. వచ్చినవాళ్ళకు కొదవలేదు. రెండంతస్తులు కిందికి దిగితే వార్డు నిండా వాళ్ళే. రానివాళ్ళకే కరువు. ప్రయోగశాలలో ఓ మూల మనిషెత్తు ఫ్రీజరు ఉంది. దాన్లో ఎడమపక్కనున్న రోగుల వరస డబ్బాలతో కిక్కిరిసి ఉండేది. కుడిపక్కనున్న ఆరోగ్యవంతుల వరస బోసిపోయి, సెలవురోజు బడిలా కనిపించేది.

సరిగ్గా అలాంటి కరువులో, ఆ ప్రయోగశాలలోనే పనిచేసే పేగులమ్మ నెల తప్పింది.

పేగులమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు వేళాకోళానికి పెట్టిన పేరు. రోజంతా గర్భిణుల పేగుల్లో ఏముందో చూసి, ఇంటికొచ్చి భోజనాల దగ్గర కూడా అవే కబుర్లు చెప్పే పెళ్ళాన్ని ఇంకేమని పిలుస్తాడు? ఆ పేరు అత్తగారి నోటికెక్కింది, ఆవిడ నోటినుంచి వీధికెక్కింది, చివరికి ఫోనులో పొరపాటున విన్న సహోద్యోగుల పుణ్యమా అని ప్రయోగశాలకూ ఎక్కింది. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. అమ్మవారి పేరులా ఉంది, కాస్త గౌరవంగానే ఉందని నవ్వేసేది.

ఆమె నెల తప్పిన కబురు చెప్పినప్పుడు పెద్దసారు నిజంగానే సంతోషించారు. శుభం అమ్మా, చల్లగా ఉండు అన్నారు. అని, ఊపిరి పీల్చుకునేంత వ్యవధి కూడా ఇవ్వకుండా, బీపీ గట్రా ఏమీ లేదు కదా అని అడిగారు. లేదని చెప్పగానే ఆయన చూపు ఆమె మొహం మీదినుంచి ఫ్రీజరు కుడివైపుకి వెళ్ళింది. ఆమె చూపూ అటే వెళ్ళింది. ఇద్దరూ ఒకే బడి మనుషులు, విడమరిచి చెప్పుకోవాల్సిన పని లేకపోయింది.

అలా పేగులమ్మ తన పరిశోధనలో తనే చేరింది. ఎవరి నమూనా ఎవరిదో తెలియకూడదని నియమం. డబ్బా మీద పేరు ఉండదు, సంకేతమే ఉంటుంది. అయినా ప్రయోగశాలలో ఉన్న గర్భిణి ఒక్కతే. పొద్దున్నే సంచిలో డబ్బా పెట్టుకుని వచ్చేదీ ఆవిడొక్కతే. రహస్యం ఎంతకాలం దాగుతుంది? ఆమె డబ్బా వచ్చిందంటే లెక్కలాయన, అంటే వాళ్ళ అంకెల పనంతా చూసే ఆయన, కుర్చీలోంచి లేచి మరీ అందుకునేవాడు.

ఆమె పేగులు బంగారం. ఈ మాట నేనంటున్నది కాదు, వాళ్ళ కంప్యూటరు అన్నది. ఏ గర్భిణికి బీపీ రాబోతోందో పేగుల్ని బట్టి ముందే చెప్పే పద్ధతొకటి ఆ ప్రయోగశాలలో తయారైంది. సూక్ష్మజీవుల్ని లెక్కబెట్టి పరీక్షపేపరు దిద్దినట్టు మార్కులేస్తుంది. మార్కులు తక్కువొస్తే ప్రమాదం, ఎక్కువొస్తే నిశ్చింత. ఆ పద్ధతిని కట్టింది పేగులమ్మే. రాత్రనక పగలనక కూర్చుని, ఒక్కో సూక్ష్మజీవికి ఎంత విలువ ఇవ్వాలో తూచి మరీ కట్టింది. దాన్లో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చింది ఎవరికయ్యా అంటే, పేగులమ్మకే. పరీక్షపేపరు రాసినావిడే పరీక్ష రాసి ఫస్టొచ్చింది. దీన్లో ఏదో తేడా ఉందని ఎవరికైనా అనిపించాలి. ఎవరికీ అనిపించలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ కుందేలేమో అక్కడ అందరూ కలిసి పట్టుకున్నదాయె.

పెద్దసారు ఆ మార్కుల్ని, ఒక్కో రకం సూక్ష్మజీవికి ఒక్కో చార చొప్పున నెలలవారీగా, రంగురంగుల బొమ్మగా వేయించి, పైన ‘ఆరోగ్యకరమైన గర్భం ఇలా ఉంటుంది’ అని రాయించి, వెళ్ళిన ప్రతి సదస్సులోనూ గోడంత చేసి చూపించారు. ముఖ్యంగా మధ్యలో ఉన్న పసుపు చారను చూపుడు పుల్లతో నిమురుతూ, ఎంత పొందిగ్గా ఉందో చూడండి అనేవారు. ఒక సదస్సుకు పేగులమ్మ కూడా వెళ్ళింది. ముందువరసలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టింది. తన పేగులకు తనే చప్పట్లు కొట్టిన మనిషి లోకంలో బహుశా ఆమె ఒక్కతే.

ఇదంతా పేరు కోసమే చేసిందనుకుంటే ఆమెకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. పేగులమ్మకు భయం. ముందొక కడుపు ఐదో నెలలో పోయింది. ఎందుకు పోయిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయారు. ఒక్కోసారి అలా జరుగుతుందమ్మా అని సరిపెట్టారు. ఒక్కోసారి అలా జరుగుతుంది అన్న మాట ఎంత కసాయి మాటో అది విన్నవాళ్ళకే తెలుస్తుంది. ఈసారి అలా జరగకూడదు. ఈ బిడ్డ బతకాలి. బతుకుతుందని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. ఎవరూ చెప్పరు గనక, చెప్పే యంత్రాన్ని తనే కట్టుకుంది. మార్కులు చూసుకున్న రోజున మాత్రమే ఆమెకు కంటినిండా నిద్రపట్టేది.

ఏడో నెల నడుస్తుండగా బీపీ మెల్లిగా పైకి పాకడం మొదలుపెట్టింది.

పరిశోధనలో ఉన్న గర్భిణులందరికీ బీపీ చూసేది నర్సమ్మ. నెమ్మదస్తురాలు, ఎవరి మాటా కాదనదు. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, మూడుసార్లు చూడాలి, మొదటిదాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి. పట్టీ బిగించగానే ఎవరికైనా కాస్త కంగారు పుడుతుంది, ఆ కంగారు అంకెలోకి ఎక్కుతుంది, అందుకని. మంచి పద్ధతే. పేగులమ్మే రాసింది. కానీ ఆ నెలలో ఆమెకు రెండోది కూడా మొదటిదానిలాగే వస్తోంది. అంటే కంగారు ఇంకా తగ్గలేదన్నమాట అని తేల్చి, దాన్నీ తీసేయించింది. మూడోదీ అలాగే వస్తే, ఇప్పుడే మెట్లెక్కి వచ్చాను కదా అంది. తర్వాత నీళ్ళు తాగి చూసింది. ఎడమపక్కకు తిరిగి పడుకుని చూసింది. కళ్ళు మూసుకుని, ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో చూసిన సముద్రాన్ని తలుచుకుంటూ చూసింది. చివరికెప్పుడో ఒక మంచి అంకె వచ్చేది. వచ్చిన మంచి అంకెను నర్సమ్మ రాసుకునేది. బీపీ అయినా మనిషైనా అంతే, వదలకుండా అడుగుతూ పోతే ఎక్కడో ఒకచోట తలొగ్గుతుంది.

అబద్ధమాడుతున్నానని పేగులమ్మకు ఒక్కనాడూ అనిపించలేదు. తెలిసి అబద్ధమాడేవాడు ఏదో ఒకరోజు భయపడి మానేస్తాడు. పద్ధతి ప్రకారం తప్పు చేసేవాణ్ణి బాగుచెయ్యడం మాత్రం బ్రహ్మతరం కాదు. కింద ఓపీలో చూపించుకోవాల్సిన తేదీ వస్తే, పైన మేమే రోజూ చూసుకుంటున్నాం కదా అని దాటేసింది. ఆ మాటకు కిందివాళ్ళూ ఊరుకున్నారు. పైన అంత చదువుకున్నవాళ్ళు చూస్తుంటే మధ్యలో తామెవరు?

ఆమె లెక్క ఆమెకుంది. బీపీ జబ్బుకింద లెక్కేసే గీత దాటితే తన డబ్బాలన్నీ కుడివరసలోంచి ఎడమవరసలోకి వెళ్ళిపోతాయి. మంచి మార్కులు తెచ్చుకున్న గర్భిణికే జబ్బొచ్చిందంటే ఆమె పద్ధతి నీళ్ళపాలవుతుంది. ఇన్నాళ్ళకు తన పేరు మొదట పెట్టి రాసిన పరిశోధన పత్రం పత్రికకు పంపడానికి సిద్ధంగా ఉంది, అదీ పోతుంది. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. పద్ధతి తప్పని ఒప్పుకుంటే, బిడ్డ బాగుంటుందని చెప్పిన ఒక్క గొంతూ మూగబోతుంది. అప్పుడు మళ్ళీ ఒక్కోసారి అలా జరుగుతుందమ్మా దగ్గరికి వెళ్ళి నిలబడాలి. దానికి ఆమె సిద్ధంగా లేదు.

ఇంట్లో అత్తగారి కళ్ళు ఊరుకోలేదు. ఆవిడ దర్జీపని చేసి కొడుకుని చదివించిన మనిషి. ఇప్పుడు చూపానక పని మానేసినా కోడలి చెప్పులు బిగుసుకుపోవడం, ఉంగరం వేలికి కోసుకుపోవడం కనబడుతూనే ఉన్నాయి. కాళ్ళేమిటమ్మాయ్ అలా పొంగాయి అంటే, ఎండలు కదా అత్తయ్యా అంది కోడలు. తలనొప్పేమిటి అంటే కంప్యూటరంది. అత్తగారికి బీపీ ఉంది, మాత్రలు వేసుకుంటుంది, ఇంట్లో యంత్రం కూడా ఉంది. ఓ సాయంత్రం కోడలు సోఫాలో కళ్ళు మూసుకుని పడుంటే, చప్పుడు చెయ్యకుండా పట్టీ చుట్టి మీట నొక్కేసింది. వచ్చిన అంకె చూసి ఆవిడ కోడల్ని తట్టి లేపింది.

కోడలు కళ్ళు తెరిచి చూసింది. ఇంట్లో వాడే యంత్రాలకు ప్రామాణికత ఉండదని చెప్పింది. అత్తగారికి ఆ మాట అర్థం కాలేదని, తేలిగ్గా ఇంకోలా చెప్పింది.

“ఇన్నాళ్ళూ మీ చేతికే కట్టుకున్నారు కదా అత్తయ్యా. దానికి పెద్ద అంకెలు చూపించడమే అలవాటైపోయింది.”

యంత్రానికి అలవాట్లుంటాయని చదువుకున్న కోడలు చెబుతుంటే ఆవిడ కొడుకు వైపు చూసింది.

కొడుకు వాతావరణ కార్యాలయంలో పనిచేస్తాడు. రేపు వాన పడుతుందా లేదా అని ఈరోజే చెప్పడం అతని ఉద్యోగం. ఎండ కాస్తుందని తను చెప్పిన రోజున తడిసి ముద్దయి ఇంటికొచ్చి, వీధిలోవాళ్ళ నవ్వులన్నీ భరించి రాటుదేలిన మనిషి. సామాన్యంగా పెళ్ళాం పనిలో వేలు పెట్టడు. ఆరోజు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పాదాన్ని వేలితో నొక్కాడు. సొట్ట పడింది. ఆ సొట్ట ఎంతకీ పూడలేదు.

“ఒక్క మాట చెప్తా, కోప్పడకు,” అన్నాడు. “వాన రాదని చెప్పింది మేమే అయినా, చినుకు మీదపడితే మేమూ గొడుగేసుకుంటాం. మన అంచనా తప్పవుతుందని తడుస్తూ కూర్చోం.”

ఆమెకు కోపం వచ్చింది. వానకూ పేగులకూ పోలికేమిటంది. నా పని మీకు మొదట్నుంచీ వేళాకోళమే అంది. ఈ బిడ్డ మీద నాకు లేని బెంగ మీకెందుకంది. ఆ చివరి మాట నోరు జారి వచ్చింది. రాగానే ఏడ్చేసింది. అతను ఆ కాళ్ళ కింద దిండు పెట్టాడు. రేపు పొద్దున్నే ఇంట్లో యంత్రాన్ని ప్రయోగశాలకు పట్టుకెళ్ళి అందరి మీదా సరిచూస్తానని, అప్పుడు కూడా ఎక్కువొస్తే కిందికి వెళ్ళి చూపించుకుంటానని ఆమె మాటిచ్చింది. తన బీపీని కాదు సుమా, యంత్రాన్ని!

మాట ప్రకారం మర్నాడు వెళ్ళగానే, ఈ యంత్రం మీద నాకు అనుమానంగా ఉంది సర్ అంది. పెద్దసారుకి ఆ మాట ఎంతో నచ్చింది. అనుమానించడమే శాస్త్రానికి పునాది అన్నారు. పని ఆపి అందరూ బల్ల చుట్టూ చేరారు. మొదట నర్సమ్మ చెయ్యి పెట్టింది. మామూలుగానే ఉంది. లెక్కలాయన చెయ్యి పెట్టాడు. ఇంకా తక్కువే ఉంది. చొక్కా చేతులు మడుచుకుని పెద్దసారూ కూర్చున్నారు. ఆ వయసుకు ఉండాల్సినంతే ఉంది. తర్వాత పేగులమ్మ పెట్టింది. పై అంకె నూట డెబ్భై దాటింది, కింది అంకె నూట పది మీద నిలబడింది.

మళ్ళీ అందరికీ చూశారు. అందరికీ మామూలే. మళ్ళీ ఆమెకు చూశారు. ఈసారి ఇంకాస్త పెరిగింది.

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. యంత్రం అందరితోనూ బాగానే ఉంది, నీ ఒక్కదానితోనే పడటం లేదెందుకో అన్నారు పెద్దసారు చివరికి. లెక్కలాయన కాగితం మీద ఏదో కూడి, భాగించి, ఒక్క విలువ అన్నిటికీ దూరంగా పడుతోంది సర్, దాన్ని పక్కనపెడితే మన సగటు చాలా బాగుంది అన్నాడు. పాపం అతని ఉద్దేశం మంచిదే. ఎవరికి తెలిసిన ఓదార్పు వాళ్ళు చెబుతారు. కానీ ఆ పక్కనపెట్టిన విలువ ఎదురుగా కుర్చీలో కూర్చుని, కడుపు మీద చెయ్యేసుకుని వింటోంది.

పేగులమ్మ పెద్దసారు వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. ఆగింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

“సర్, మీ మొహం నాకు సగమే కనిపిస్తోంది.”

ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ ఆ వాక్యాన్ని చాలాసార్లు చదివారు. ఎడమవరసలో ఉన్న ఎందరో తల్లుల కాగితాల్లో, ఫిట్సు రావడానికి కాస్త ముందు ఏం జరిగిందన్న చోట, ఆ మాటే అటూ ఇటూగా రాసి ఉంటుంది. చదవడం వేరు, పక్క కుర్చీలోంచి వినడం వేరు. పెద్దసారు చొక్కా చేతులు దింపుకోవడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయారు. నర్సమ్మ అప్పటికే చక్రాల కుర్చీ కోసం వరండాలోకి పరుగెత్తింది. ఎవరి మాటా కాదనని మనిషి, దారికి అడ్డొచ్చిన లెక్కలాయన్ని భుజంతో నెట్టుకుంటూ వెళ్ళింది.

రెండంతస్తులు దిగడానికి ఎంతసేపు కావాలి? ఇన్ని వారాలు పట్టింది.

కింద డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నదే గానీ గట్టిది. అంకెలు చూసింది, మోకాలి మీద తట్టి చూసింది, మూత్రం పరీక్షకు పంపింది, ఇంజక్షన్లు మొదలుపెట్టించింది. ఆపరేషను గది సిద్ధం చెయ్యమంది. వెనకే వచ్చిన పెద్దసారుకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊరికే నిలబడలేక, ఆవిడ పేగులు చాలా మంచివండీ, మా దగ్గర అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి అని చెప్పారు.

“సంతోషమండీ,” అంది డాక్టరమ్మ తలెత్తకుండానే. “ప్రస్తుతం నేను పేగులకు కాన్పు చెయ్యట్లేదు. కాస్త పక్కకు జరుగుతారా?”

జరిగారు. డాక్టరమ్మ పేగులమ్మ మీదికి వంగి, మీ బీపీ ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగింది. కాగితం నిండా మంచి అంకెలే ఉన్నాయి. ఆ కాగితం చాపితే సరిపోయేది. పేగులమ్మ దాన్ని పక్కన పెట్టేసింది. దీపం ఒకటి వెలిగి ఆరుతున్నట్టుంది కళ్ళముందు.

“తెలీదండీ,” అంది. “నచ్చినవే రాసుకున్నాను. నా బిడ్డను బతికించండి.”

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని పేగులమ్మకు అనిపించింది. పేగులమ్మ చేతిని ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలేసి, పదండి అంది.

ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండా, పిడికెడంత. ఏడ్చిందో లేదో తల్లికి తెలియదు. తల్లికి ఆ రాత్రీ మర్నాడూ ఏమీ తెలియదు. ఒకసారి ఫిట్సు వచ్చిందట, మందులతో అణిచారట, బీపీ దిగనని మొండికేసిందట. మొగుడు బయట బెంచీ మీద కూర్చున్నచోటే కూర్చున్నాడు. ఎవరైనా పలకరిస్తే, ఇంకా ఏమీ చెప్పలేం అన్నాడట. ఆ మాట అతని ఉద్యోగంలో రోజూ అనేదే గానీ, ఈసారి అంటూ లోపలి తలుపు వైపే చూశాడని అత్తగారు తర్వాత చెప్పింది.

బిడ్డను గాజుపెట్టెలో పెట్టారు. తల్లి మంచం దిగే స్థితిలో లేదు, బిడ్డ పెట్టె దాటే స్థితిలో లేదు. మొగుడు ఫోనులో ఫొటోలు తీసుకొచ్చి చూపించేవాడు. గొట్టాల మధ్య ఎర్రటి మొహం, బొటనవేలంత చెయ్యి. ఆమె ఫోనుని చెంపకు ఆనించుకుని పడుకునేది. ఎప్పుడు ముట్టుకోనిస్తారు అన్నది ఒక్కటే అడిగేది. వచ్చిన ప్రతి నర్సునీ అడిగేది, చివరికి ఊడ్చడానికి వచ్చిన ఆవిణ్ణి కూడా అడిగింది. మార్కుల గురించి గానీ, పత్రం గురించి గానీ నోరెత్తలేదు. దేవుడు బిడ్డనిచ్చి పేగుల పిచ్చి పట్టుకుపోయాడని అత్తగారు మనసులో దణ్ణం పెట్టుకుంది.

ఇద్దరూ గండం గట్టెక్కారని డాక్టరమ్మ చెప్పింది. అన్నీ బాగుంటే రేపు పాపను కాసేపు నీ గుండెల మీద పడుకోబెడతామని కూడా చెప్పింది. ఆ రేపు వచ్చింది. పొద్దున్నే పేగులమ్మ అత్తగారిచేత జడ వేయించుకుంది. మొగుడు మందులు తేవడానికి వెళ్ళాడు. తలుపు చప్పుడైతే పాపేననుకుని ఆమె మోచేతుల మీద లేచింది.

వచ్చింది పెద్దసారు. ఒక చేతిలో పళ్ళ సంచి, ఇంకో చేతిలో లాప్‌టాప్. పళ్ళు మర్యాదకు, లాప్‌టాప్ అసలు పనికి. క్షేమసమాచారాలు అడిగారు. మనస్ఫూర్తిగానే అడిగారు, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒకసారి సర్దుకున్నారు, ఇంకోసారి సర్దుకున్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు దొరికిందని ఒకడు సంబరపడ్డాడట. పెద్దసారు అంత చెడ్డవాడేమీ కాదు. కానీ చుట్ట అప్పటికే నోట్లో ఉంది, ఏం చేస్తారు?

మెల్లిగా మొదలుపెట్టారు. రెండో నెల నుంచి జబ్బు బయటపడిన రోజు వరకు వారం తప్పకుండా నమూనాలిచ్చిన తల్లి తనకు తెలిసినంతలో ఇంకెక్కడా లేదన్నారు. జబ్బొచ్చాక వచ్చేవాళ్ళే తప్ప, జబ్బు రాకముందునుంచీ ఉన్నవాళ్ళు దొరకరన్నారు. ఆరోగ్యవంతుల్లో నువ్వు పదిమందిలో ఒకదానివమ్మా, ఇప్పుడైతే నువ్వు... అని, తర్వాతి మాట బాగుండదని తోచి ఆపేసుకున్నారు. ఆపిన మాట ఆయన మొహం నిండా వెలుగుతూనే ఉంది.

లాప్‌టాప్ మంచం మీద పెట్టి తెరిచారు. అదే బొమ్మ. అవే చారలు, అవే రంగులు. పైన రాసింది మాత్రం మారింది. ‘ముంచుకొచ్చే ప్రమాదం ఇలా మొదలవుతుంది’ అని ఉంది. ఆయన వేలు పసుపు చార మీదికి వెళ్ళింది. చూడు, నాలుగో నెల నుంచే సన్నబడటం మొదలైంది, ఎంత స్పష్టంగా ఉందో అన్నారు. ఎంత పొందిగ్గా ఉందో అని ఊళ్ళన్నీ తిరిగి చూపించిన చారే అది. ఆ సంగతి ఆయనకు గుర్తే లేదు. అబద్ధం కాదు, నిజంగానే గుర్తు లేదు.

పేగులమ్మకు నవ్వొచ్చింది. కుట్లు లాగాయి.

“నాకు బీపీ రాకపోయుంటే ఈ చార సన్నబడిందని కనిపించేదా సర్?”

పెద్దసారు నిజాయితీగా ఆలోచించారు. అలాంటప్పుడు అటు చూసేవాళ్ళం కాదు కదమ్మా అన్నారు.

అంతటితో తెర మూసేసి, ఇక వెళ్ళండి సర్ అని ఉండాల్సింది. అనాలనే అనుకుంది. కానీ కళ్ళు బొమ్మ మీదే ఉన్నాయి. చార నిజంగానే సన్నబడింది. ఇన్నాళ్ళూ రోజూ చూసింది, ఇంత తేడా ఎలా కనిపించలేదు? నాలుగో నెలలో సన్నబడితే ఐదో నెలలో ఏమైనట్టు? మొదటి కడుపు పోయింది ఐదో నెలలోనే కదా. దానికీ దీనికీ ఏమైనా... చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. ఐదో నెలను దగ్గరికి తీసుకొచ్చింది. పెద్దసారు కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు. కింద ఆకుపచ్చ చార కూడా ఏదో చేస్తోంది సర్ అంది. అవునమ్మా, నేనూ అదే చూస్తున్నా అన్నారాయన. ఇద్దరి తలలూ తెర మీదికి వంగాయి.

“పాపను తెచ్చానమ్మా,” అంది తలుపు దగ్గర్నుంచి నర్సు.

“ఒక్క నిమిషం,” అంది పేగులమ్మ.

నర్సుకి ఆ నిమిషం ఇచ్చే వీల్లేదు. అంత చిన్నపిల్లను చల్లగాలిలో పట్టుకుని నిలబడకూడదు. తల్లి పనిలో ఉంది కాబోలనుకుని, అయితే సాయంత్రం తెస్తాలెండి అని, గుడ్డ మూటను గుండెలకు హత్తుకుని వెనక్కి తిరిగింది.

అప్పటికి తానేమన్నదో పేగులమ్మకు వినబడింది. చెవులతో కాదు, కడుపులో కుట్ల దగ్గర వినబడింది. వద్దు, ఆగండి, ఇవ్వండి, నా పిల్లనిలా ఇవ్వండి అంటూ లేవబోయింది. సెలైన్ గొట్టం లాక్కుపోయింది, మంచం మీది లాప్‌టాప్ జారిపోయింది. అది నేలమీద పడకుండా పెద్దసారు రెండు చేతులూ చాపి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

నర్సు వెనక్కి వచ్చి, మూట విప్పి, పాపను తల్లి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టింది. ఎంత తేలిగ్గా ఉందంటే, పెట్టారో లేదో తెలియక పేగులమ్మ తల వంచి చూసుకుంది. ఉంది. వెచ్చగా ఉంది. చెమ్మగా, చిన్నగా ఊపిరి తీస్తోంది. ఏడుపు ఆగలేదు ఆమెకు. తప్పయిపోయింది తల్లీ, తప్పయిపోయింది అంటూనే ఉంది. పెద్దసారు లాప్‌టాప్ చంకన పెట్టుకుని, చప్పుడు కాకుండా కుర్చీ వెనక్కి జరుపుకుని వెళ్ళిపోయారు.

అత్తగారు అంతసేపూ కిటికీ దగ్గర స్టూలు మీదే కూర్చునుంది. అంతా విన్నది. కోడలు భయంభయంగా ఆవిడ వైపు చూసింది, ఏమంటుందోనని. ఆవిడ లేచి వచ్చి దుప్పటి సర్ది, పాప వీపు మీదికి లాగింది.

“మీ అబ్బాయితో చెప్పకండి అత్తయ్యా,” అంది పేగులమ్మ.